ఎర్రమన్ను నల్లబడే చోట

మామ: పులికాట్ సరస్సు అడుగు మన్ను జోలికి పోవద్దంటా ఉండావు, సరే. పాకాల చుట్టుపక్కల చెరువుల్లో మేము ఇన్నేళ్లూ చేసిందేంది మరి? ఎండాకాలం చెరువు ఎండితే పూడిక తీసి చేలకు తోలుకుంటాం. మా నాయన ఎద్దుల బండితో తోలినాడు, నేను ట్రాక్టరుతో తోలినాను. 2015లో నీరు-చెట్టు అని గవర్నమెంటే మిషన్లు పెట్టి తవ్వించింది. అదే ఏడాది తెలంగాణలో ఇదే పనికి మిషన్ కాకతీయ మొదలయింది. చెరువు మన్ను పడిన చెరుకు తోటలో డీఏపీ ఎరువు మూటలు తగ్గడం నా కళ్లతో చూసినా. చెరువుకు లోతు వస్తుంది, చేనుకు సత్తువ వస్తుంది. మంచినీళ్ల చెరువుకు పనికొచ్చిన పని ఉప్పునీళ్ల చెరువుకు ఎందుకు పనికిరాదో చెప్పు ముందు.

అల్లుడు: పని తప్పని నేననలేదు మామా. నువ్వు ఎప్పుడు తవ్వినావో చూడు. నీళ్లు ఇంకిపోయి, మన్ను నెర్రెలిచ్చి, నెలా రెండు నెలలు గాలి తగిలి ఆరినాక తవ్వినావు. నిండు చెరువులో దిగి ఎన్నడైనా పూడిక తీసినావా? సరస్సు అడుగు అట్లా గాలి చూసిన మన్ను కాదు. పైన ఉప్పునీళ్లు, కింద గాలాడని బురద. ఆ రెండింటి మధ్య రేయింబగళ్లు ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతా ఉంటుంది. నీ లెక్క మన్ను ఎంతుందని. నా లెక్క ఆ బురదకూ నీళ్లకూ మధ్య ఏమేం చేతులు మారుతున్నాయని.

మామ: గాలి చూడదని ఎవరు చెప్పినారు? ఏప్రిల్ పోయినాక సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు మీద పోయి చూడు. రెండు పక్కలా నెర్రెలిచ్చిన నేల, పైన తెల్లగా ఉప్పు. దూరంగా నీళ్లున్నట్టు కనిపిస్తుంది, దగ్గరికి పోతే ఎండమావి. ఉత్తరపు తట్టు ఎండాకాలం ఎండిన చెరువే. పుస్తకాల్లో 450 చదరపు కిలోమీటర్లని రాసుకుంటారు. మే నెలలో గొలుసు పట్టుకుని కొలిచినోడెవడు?

అల్లుడు: ఆ మాట ఒప్పుకుంటా. ఉత్తరం ఎండుతుంది. రాయదొరువు ముఖద్వారం పూడిపోయింది, తూపిలిపాళెం వైపు దారీ సన్నబడింది, సముద్రం పోటు అక్కడిదాకా రావడం లేదు. సరస్సు నడుమ ఆ రోడ్డు కట్ట కూడా నీళ్ల తిరుగుడుకు అడ్డమే. కానీ ఎండిన నీ చెరువులో ఉప్పు మిగలదు. అక్కడ మిగులుతుంది. ఆ మన్ను తెచ్చి చెరుకు తోటలో పోస్తావా?

మామ: పోయను. తోటలో పోయాలని కాదు, అక్కడి నుంచి తియ్యాలని నేననేది.

అల్లుడు: తీసే ముందు అది ఏం పని చేస్తా ఉందో చూద్దాం. నేను వాకాడు, కోట వైపు రొయ్యల చెరువుల దగ్గర నాలుగేళ్లు పనిచేసినా కదా. చెరువులో దిగి కాలి బొటనవేలితో అడుగు గీస్తే ఏం కనిపిస్తుందో తెలుసా? పైన ఒక పొర, తుప్పు రంగు, గోరు మందం. దాని కింద కాటుక నలుపు, కోడిగుడ్డు కుళ్లిన వాసన. రొయ్యల రైతు, రసాయనశాస్త్రం తెలియకపోయినా, ఆ గోరుమందం పొర ఉన్నంతకాలం నిద్రపోతాడు. అది పోయి నలుపు పైకొచ్చిన రాత్రి నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్ల పక్కనే కూర్చుంటాడు.

మామ: ఆ తుప్పు రంగేంది?

అల్లుడు: తుప్పే. నీ పాకాల ఎర్రమన్నుకు ఎరుపు ఎక్కడిది? ఇనుముది. ఇనుప తుప్పుకు భాస్వరమంటే ఆకలి, దొరికినదంతా పట్టుకుంటుంది. నువ్వు డీఏపీ వేస్తే సగానికి సగం పైరుకు అందకుండా మన్ను మింగేసిందని తిట్టుకుంటావే, ఆ మింగేది ఇనుమే. వానకు కోసుకుపోయిన ప్రతి ఎర్ర రేణువు మీదా కొంచెం భాస్వరం ఎక్కి కూర్చుని ఉంటుంది. వంకలో పడి, ఏట్లో పడి, చివరికి ఉప్పునీళ్ల అడుగున దిగుతుంది. అక్కడ గాలి లేదు. గాలి లేనిచోట తుప్పు నిలవదు, కరిగిపోతుంది. కరిగితే పట్టు వదిలేస్తుంది. భాస్వరం దిగి నీళ్లలోకి నడుస్తుంది.

మామ: అయితే పైనున్న ఆ గోరుమందం పొర?

అల్లుడు: అది గొళ్లెం. కింది నుంచి లేచిన భాస్వరాన్ని, నీళ్లలో ఆక్సిజన్ ఉన్నంతసేపూ, ఆ పొరలోని తుప్పు మళ్లీ పట్టి ఆపుతుంది. నీళ్లలో ఆక్సిజన్ అయిపోతే గొళ్లెం ఊడుతుంది. ఇది నా సొంత కథ కాదు. మోర్టిమర్ అనే ఆయన ఇంగ్లండు సరస్సుల్లో చూసి 1941, 42లో రాసినాడు. ఆయన చూసింది మంచినీళ్లు. సముద్రపు నీళ్లలో ఇంకో మెలిక ఉంది. లీటరు నీటికి రెండున్నర గ్రాములకు పైగా సల్ఫేటు ఉంటుంది. గాలి లేని బురదలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు ఆ సల్ఫేటునే వాడుకుని బతుకుతాయి, దాన్ని కుళ్లు వాసన గంధకంగా మారుస్తాయి. ఆ గంధకం ఇనుమును కట్టేసుకుంటుంది. నలుపు అదే. ఒకసారి గంధకం పట్టిన ఇనుము మళ్లీ గాలి తగిలేదాకా భాస్వరం వైపు చూడదు. మంచినీళ్ల చెరువులో గొళ్లెం మళ్లీ మళ్లీ పడుతుంది. ఉప్పునీళ్లలో గొళ్లెం చేసే ఇనుమే తరిగిపోతా ఉంటుంది.

మామ: ఇప్పుడు నువ్వు నా తరఫున మాట్లాడినావు. ఏళ్ల తరబడి వచ్చిన ఎర్రమన్ను అడుగున చేరింది, దాని మీదికెక్కి వచ్చిన భాస్వరం అక్కడే ఉండాది, గొళ్లెం వదులుగా ఉండాది. ఎండాకాలం నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గిన ప్రతిసారీ అది పైకి లేస్తుంది, పాచి పడుతుంది, పాచి చచ్చి మళ్లీ అడుగుకే పోతుంది. పైనుంచి ఒక్క మూట ఎరువు రాకపోయినా పాత నిల్వే తిరుగుతా ఉంటుంది. వడ్డీ వ్యాపారి దగ్గర అసలు తీర్చనంతకాలం వడ్డీ తిరిగినట్టు. అసలు తీసెయ్యడమే మందు.

అల్లుడు: దీనికి నీకో సాక్ష్యం నేనే ఇస్తా, తర్వాత తిట్టొద్దు. స్వీడన్‌లో ట్రుమ్మెన్ అని ఒక సరస్సు. ఊరి మురుగు, మిల్లుల మురుగు పడి పాడయింది. 1950ల చివర్లో మురుగు ఆపేసినారు. పదేళ్లు చూసినారు, సరస్సు కోలుకోలేదు. నువ్వన్న పాత నిల్వ. 1970లో అరమీటరు, 1971లో ఇంకో అరమీటరు బురద పీల్చి తీసినారు. నీళ్లలో భాస్వరం పదోవంతుకు దిగింది. తీసిన బురదను మన్నులో కలపడానికి అమ్మినారు కూడా.

మామ: ఇంకేం! పాకాలలో చేసిందే స్వీడన్‌లో చేసినారు.

అల్లుడు: ట్రుమ్మెన్ ఎంతుంటుందో అడగవేం? సుమారు ఒక చదరపు కిలోమీటరు. మంచినీళ్లు. పులికాట్ 450. అంతటా పది సెంటీమీటర్ల మన్ను తీస్తే నాలుగున్నర కోట్ల ఘనపు మీటర్లు. నీ ట్రాక్టరు ట్రిప్పుకు మూడు ఘనపు మీటర్లు వేసుకో. కోటిన్నర ట్రిప్పులు. ఎక్కడ పోస్తావు? పోసిన చోట ఏమవుతుంది? నల్ల బురదలోని గంధకానికి గాలి తగిలితే ఆమ్లం పుడుతుంది. కేరళలో కుట్టనాడు కరి నేలల్లో రైతులు తరాలుగా ఆ పులుపుతో తంటాలు పడుతున్నారు. అడుగున నీళ్ల కింద ఉన్నంతకాలం అది నల్లగా, గమ్మున పడుంటుంది. గట్టున పోస్తే పులిసిపోతుంది.

రాస్తున్నవాడి మాట: ఇద్దరూ చెరువు అనే ఒక్క మాటను మూడు రకాలుగా వాడుతున్నారు. పాకాల ఆయకట్టు చెరువు, వాకాడు రొయ్యల చెరువు, పులికాట్ ఉప్పునీళ్ల చెరువు. గొడవలో సగం ఆ మాటలోనే ఉంది. కల్పించుకుని చెబుదామనుకున్నాను, చెప్పలేదు. మిగతా సగం మాటల గొడవ కాదు.

మామ: మొత్తం గోకమని నేను అన్నానా? ముఖద్వారం తెరిచి, అక్కడి నుంచి లోపలికి కాలవలు తీస్తే చాలు. ఇంకోటి అడుగుతా. నీ రొయ్యల రైతులు పట్టుబడి అయినాక ఏం చేస్తారు? చెరువు ఆరగట్టి, నల్ల బురద గోకి, దున్ని, సున్నం వేసి, మళ్లీ నీళ్లు పెడతారు. అడుగు ముట్టుకుంటే పాపమైతే ప్రతి పంటకీ ఆ పాపం ఎందుకు చేస్తా ఉండారు?

అల్లుడు: నీళ్లు తోడేసినాక చేస్తారు మామా, పట్టుబడి అయిపోయినాక. రొయ్య లోపల ఉండగా బురద కదిలితే ఏమవుతుందో చూసినా. ఏరియేటరు జరిపి తప్పు చోట పెట్టినారు ఒకసారి, అడుగు లేచింది. తెల్లారేసరికి గట్టు పొడుగునా రొయ్యలు. నీళ్లలో ఆక్సిజన్‌ను ఆ లేచిన బురదే తాగేసింది. ఇంక అమ్మోనియా సంగతి చెప్పనక్కర్లేదు. పులికాట్‌ను తోడేసి ఆరగట్టలేవు కదా. నువ్వు తవ్వేది చేపలూ రొయ్యలూ పీతలూ లోపల ఉండగానే.

మామ: ఎక్కడున్నాయి చేపలు? ఆ తట్టు పోయినోళ్లని అడుగు. ముఖద్వారం మూసుకున్న వైపు ఊళ్లల్లో వలలు అటకెక్కినాయి. చెన్నైకి కూలికి పోతా ఉండారు.

అల్లుడు: అది నిజం. అందుకే అడుగు బురద విలువ చెప్పాలి నేను. నీకది పేరుకుపోయిన పాత నిల్వ. నాకు అది వంటిల్లు. లోతు తక్కువ ఉన్న తీరపు నీళ్లలో, ప్రపంచంలో చాలాచోట్ల కొలిచినారు, పాచికీ సూక్ష్మ మొక్కలకీ కావలసిన నత్రజనిలో పావు వంతు నుంచి సగం దాకా అడుగు నుంచే వస్తుంది. పైన చచ్చిందంతా అడుగుకు చేరుతుంది, అక్కడ కుళ్లుతుంది, ఎరువై పైకి తిరిగి వస్తుంది. సముద్రం మధ్యలో అడుగు మూడు నాలుగు కిలోమీటర్ల కింద ఉంటుంది, అక్కడి ఎరువు ఎండ పడేచోటికి రావాలంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. పులికాట్ లోతు సగటున మీటరు. వంటింటికీ విస్తరికీ మధ్య నడుములోతు దూరం. బురద మీద వెలుగు పడుతుంది కాబట్టి ఆ బురద మీదనే బంగారు గోధుమ రంగు పాచి పొర పెరుగుతుంది. బురద మేసే చేపలు దాన్ని మేస్తాయి. ఫ్లెమింగోలు తల కిందులుగా పెట్టి జల్లెడ పట్టేది అక్కడే. మీటరున్న చోట మూడు మీటర్లు చేస్తే ఎండ అడుగుకు తాకదు, కొంగ కాలు అందదు.

మామ: వంటిల్లు బాగానే ఉండాది. వాకిలి మూసేస్తే వంట ఎవరికి? టైగరు రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు లోపలికొచ్చి పెరుగుతాయి, పెద్దవై మళ్లీ సముద్రానికి పోతాయి. ఇది నువ్వే కదా నాకు చెప్పినావు? తలుపు వేసేసి కూడు వండి పెట్టినావు. ఒడిశాలో చిలిక సరస్సుకు ఏం చేసినారు? అదీ పూడింది, అదీ చప్పబడింది, గడ్డి పట్టింది, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో ఎక్కింది. 2000 సెప్టెంబరు 23న కొత్త ముఖద్వారం తవ్వినారు. అంతకుముందు ఏడాది 1,700 టన్నుల చిల్లర ఉన్న చేపలు రెండేళ్లలో 10,000 టన్నులు దాటినాయి. 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేసినారు, అవార్డు కూడా ఇచ్చినారు. తవ్వినందుకు ఇచ్చినారు అల్లుడూ, కొలిచినందుకు కాదు.

అల్లుడు: తవ్వే ముందు ఏళ్ల తరబడి కొలిచినారు. ఎక్కడ తవ్వితే పోటు ఎంత లోపలికొస్తుందో లెక్కలు కట్టి చూసినారు. అయినా ముఖద్వారం విషయంలో నీతో వాదన లేదు. తెరవాలి. పోటు నీళ్లు వస్తే ఆక్సిజన్ వస్తుంది, ఉప్పు సమానమవుతుంది, ఆ గోరుమందం గొళ్లెం మళ్లీ పడుతుంది. వాకిలి తీయడం వేరు, ఇల్లు తవ్వడం వేరు అంటున్నా.

మామ: సగం దిగొచ్చినావు. మిగతా సగం కూడా దిగు. రాయదొరువు దగ్గర ఇసక తీస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది? మన తూర్పు తీరంలో అలలు ఇసకను ఉత్తరానికి తోసుకుపోతా ఉంటాయి, ఒక్క తుపానుకు మళ్లీ మూసుకుంటుంది. లోపల నీళ్లు ఎక్కువుంటేనే ముఖద్వారం తనకు తాను తెరుచుకుని ఉంటుంది. నీళ్లు ఎక్కువుండాలంటే లోతు కావాలి. లోతు కావాలంటే తవ్వాలి. తిరిగి తిరిగి అక్కడికే వస్తావు.

అల్లుడు: ఇక్కడ ఒక తిరకాసుంది. ముఖద్వారాన్ని కడిగేది లోపల నిలిచిన నీళ్లు కాదు, పోటుకు వచ్చి పాటుకు పోయే నీళ్లు. పాటు మట్టం కింద నువ్వు ఎంత లోతు తవ్వినా ఆ రాకపోకల్లో ఒక్క చెంబు పెరగదు. గుండిగ అడుగు లోతు చేసినంత మాత్రాన అంచు మీద పొంగు పెరగదు కదా.

మామ: కాలవ?

అల్లుడు: కాలవ తీస్తే పెరుగుతుంది. పూడిన నేల మీద పోటు నీళ్లు రాసుకుంటూ పోయి మధ్యలోనే ఆగిపోతాయి. కాలవ ఉంటే దూరం పోతాయి. అందుకని కొన్ని కాలవల దాకా ఒప్పుకుంటా. ఇంకో చిక్కుంది చూడు. చిలికకు వెనక నుంచి మహానది పాయలు తోస్తాయి. పులికాట్‌కు వెనకున్నది కాళంగి, ఆరణి. ఈశాన్య రుతుపవనాల్లో నాలుగు వారాలు పారితే గొప్ప.

మామ: స్వర్ణముఖిని మరిచినావు.

అల్లుడు: మరవలేదు. స్వర్ణముఖి పులికాట్‌కు ఉత్తరాన నేరుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. దాన్ని ఈ పద్దులో రాయకూడదు.

మామ: పద్దు సరస్సుదేనా, సముద్రానిది కాదా? స్వర్ణముఖి మా పాకాల పక్క కొండల్లో పుట్టి 130 కిలోమీటర్లు పోతుంది. చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు చేసి పాకాలనూ సూళ్లూరుపేటనూ ఒక్క తిరుపతి జిల్లాలో పెట్టినారు. కలెక్టరాఫీసులో సముద్రమూ మెట్టా ఇప్పుడు పక్కపక్క ఫైళ్లు. 2021 నవంబరులో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్లు ఖాళీ చేయించినారే, ఆ వారం స్వర్ణముఖిలో పోయిన ఎర్రనీళ్లు చూసినావా? మా మన్ను అంతా పోయింది సముద్రానికి. ఎవడి చేనో, ఎవడి గట్టో. ఆ మన్ను మీద ఎక్కిపోయిన భాస్వరం మాదే. నువ్వు దాన్ని వంటిల్లంటావు. సరుకులు మా ఇంట్లో నుంచి పోయినాయి.

అల్లుడు: దీనికి నా దగ్గర జవాబు లేదు మామా. ఒక్కటి చెప్పగలను. నీ చెరువులు ఆ సరుకును దారిలో ఆపుతాయి. మొరవ పోయే లోపల ఒండ్రు దిగిపోతుంది. నువ్వు ఆ ఒండ్రు చేనుకు తోలిన ప్రతి ట్రిప్పూ ఇటు ఒక పిడికెడు డీఏపీని మిగులుస్తుంది, అటు సముద్రం మీద భారం తగ్గిస్తుంది. పూడిక తియ్యాల్సింది పైన. కాళంగి, ఆరణి పైన వంద చెరువుల్లో తీస్తే కింద ఒక సరస్సులో తియ్యనక్కర్లేదు.

మామ: ఎరువు సముద్రానికి పోనియ్యకుండా మేము పైన పట్టి ఉంచితే, సముద్రానికి కూడు ఎక్కడిది? ఇందాకే వంటిల్లన్నావు. కృష్ణ మీద, గోదావరి మీద ఆనకట్టలు కట్టి ఒండ్రు ఆపినాక డెల్టా తీరాలు కోసుకుపోతా ఉండాయని పేపర్లో రాస్తారు. ఒక పక్క ఎరువు ఎక్కువయిందని ఏడుపు, ఇంకో పక్క ఒండ్రు తక్కువయిందని ఏడుపు. రెండూ ఎట్లా నిజం?

అల్లుడు: రెండూ నిజమే, ఎందుకంటే పోయేది ఒక్క సరుకు కాదు. సముద్రపు పాచి ఒంట్లో ఒక పాలు భాస్వరానికి పదహారు పాళ్లు నత్రజని ఉంటుందని రెడ్‌ఫీల్డ్ అనే ఆయన లెక్క కట్టినాడు. డయాటమ్ అనే గాజు పెంకు పాచికి వీటితోపాటు ఇసకలో ఉండే సిలికా కూడా కావాలి. రొయ్య పిల్లకూ చేప పిల్లకూ మంచి తిండి ఆ డయాటమే. ఆనకట్ట సిలికాను ఆపుతుంది. నత్రజని మాత్రం ఆనకట్ట కింద ఊళ్ల మురుగులో నుంచి, చేల యూరియాలో నుంచి మళ్లీ కలుస్తుంది. డాన్యూబ్ మీద 1970ల మొదట్లో ఐరన్ గేట్స్ ఆనకట్ట కట్టినాక నల్లసముద్రంలో డయాటమ్‌లు తగ్గి వేరే పాచి పెరిగిందని 1997లో రాసినారు. కూడు తగ్గలేదు, కూడు తీరు మారింది. సంగటి బదులు చక్కెర పెట్టినట్టు. అడుగు బురద ఇక్కడ కూడా ఒక పని చేస్తుంది. పాత డయాటమ్‌ల పెంకులు అందులో మెల్లగా కరిగి సిలికా తిరిగి ఇస్తాయి. పైనుంచి రాకపోయినా కొన్నాళ్లు నడిపిస్తుంది.

మామ: కొన్నాళ్లు.

అల్లుడు: కొన్నాళ్లే. నిల్వ అన్నాక అయిపోతుంది. ఇంకా ఒకటి చేస్తుంది బురద, అది నువ్వు వినాలి. యూరియా నుంచి, మురుగు నుంచి వచ్చిన నైట్రేటు ఆ బురదలోకి దిగితే గాలి లేని పొరలోని సూక్ష్మజీవులు దాన్ని విరిచి నత్రజనిని గాలిలోకి వదిలేస్తాయి. మనకు పైసా ఖర్చు లేని మురుగు శుద్ధి. గాలి ఉన్న పొర, గాలి లేని పొర ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటేనే అది జరుగుతుంది. అమ్మోనియా పై పొరలో నైట్రేటు అవుతుంది, కింది పొరలో గాలి అవుతుంది. ఆ రెండు పొరల మందం కలిపినా నీ చిటికెనవేలంత. బకెట్ల మిషన్ దించితే మొదట పోయేది అదే.

మామ: ఆ శుద్ధిలో చెడ్డ వాయువు రాదా? అరేబియా సముద్రం తట్టు ఏదో చెప్పినావే.

అల్లుడు: వస్తుంది, దాచను. పడమటి తీరంలో వానాకాలం చివర అడుగు నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి నైట్రస్ ఆక్సైడు బాగా పుడుతోందని గోవా సముద్ర శాస్త్ర సంస్థ వాళ్లు 2000లో చూపించినారు. భూమిని వేడెక్కించే వాయువది. పని సగంలో ఆగిపోతే ఆ వాయువు బయటకొస్తుంది, పూర్తయితే మామూలు నత్రజని. బంగాళాఖాతం లోతుల్లో ఇంకా పిసరంత ఆక్సిజన్ మిగిలి ఉంది, ఆ పిసరే మనల్ని కాపాడుతోంది. పోతే ఏమవుతుందో పడమర వైపు చూసుకోవచ్చు.

మామ: కాబట్టి బురద మంచిదీ కాదు, చెడ్డదీ కాదంటావు. గడుసుగా తప్పించుకుంటా ఉండావు. నేను ఒక్కటే అడుగుతా. మీటరు లోతున ఉన్న పాత భాస్వరం పైకొస్తుందా రాదా?

అల్లుడు: దానంతట అది అయితే రాదనే చెప్పాలి. బురదలో ఒక అణువు ఏ తోడూ లేకుండా సెంటీమీటరు నడవడానికి సుమారు ఒక రోజు. దూరం వందింతలయితే కాలం వందింతలు కాదు, పదివేలింతలు. మీటరు నడవడానికి పాతిక ముప్పై ఏళ్లు. పురుగులూ పీతలూ బొరియలు పెట్టి దారి తగ్గిస్తాయి, అవి కూడా జానెడు మూరెడు లోతు వరకే. కింద పూడినది పూడినట్టే ఉంటుంది. దాన్ని నువ్వే తవ్వి వెలుగు చూపించకపోతే.

మామ: అయితే ఆ పైన జానెడే వడ్డీ తిప్పుతా ఉండాది. ఆ జానెడే తీస్తా.

అల్లుడు: ఆ జానెడే వంటిల్లు.

మామ: ఆ!

అల్లుడు: నేను నవ్వడం లేదు మామా. అక్కడే చిక్కుకున్నాం ఇద్దరం.

మామ: నాకు చిక్కేం లేదు. నేను చూసింది చెబుతా. 1990ల్లో రొయ్యల చెరువులు ఎగబడి తవ్వినారు, మన జిల్లావాళ్లు కూడా పోయి డబ్బులు పెట్టినారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, చిలికకూ పులికాట్‌కూ 1,000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు వద్దని. కోర్టు అప్పుడు అడుగు బురదలో ఎంత భాస్వరం ఉందో కొలిచే దాకా ఆగిందా? ఆగి ఉంటే ఏమి మిగిలేది?

అల్లుడు: అది ఆపమన్న తీర్పు. నువ్వడిగేది చెయ్యమనే తీర్పు. ఆపింది తప్పయితే రేపు మొదలుపెట్టుకోవచ్చు. తవ్వింది తప్పయితే తిరిగి ఎట్లా పరుస్తావు? కొలవడం పెద్ద పని కూడా కాదు. అడుగు లేని పెట్టె ఒకటి బోర్లించి బురద మీద పెడతారు. లోపల చిక్కిన నీళ్లలో అమ్మోనియా, భాస్వరం, ఆక్సిజన్ గంటగంటకూ ఎట్లా మారుతున్నాయో చూస్తారు. పెరిగితే బురద ఇస్తున్నట్టు, తగ్గితే బురద పుచ్చుకుంటున్నట్టు. పగలొకటి, రాత్రొకటి. ముఖద్వారం దగ్గర, కాళంగి కలిసే చోట, రోడ్డుకు ఇటూ అటూ. ఒక్క సంవత్సరం చాలు.

మామ: ఒక్క సంవత్సరం నీకు. వల అటకెక్కించినోడికి అది ఎన్నో సంవత్సరం?

అల్లుడు: ముఖద్వారం ఇసక రేపే తియ్యమను, నేను అడ్డం రాను. లోపలి అడుగుకు మాత్రం ఏడాది గడువు అడుగుతున్నా. వానలు పడి, ఎర్రనీళ్లు దిగి, పక్షులొచ్చి ఉన్నప్పుడు జనవరిలో మొదటి పెట్టె దించుతా. నువ్వే వచ్చి చూడు.

మామ: జనవరిలో ఎవడైనా చూస్తాడు, పండగలకు పోయినట్టు. అప్పుడు నీళ్లుంటాయి, ఆక్సిజనుంటుంది, నీ గొళ్లెం పడి ఉంటుంది. బురద బుద్ధిగా కనబడుతుంది. మే నెలలో దించు నీ పెట్టె, రోడ్డుకు ఉత్తరాన.

అల్లుడు: మే నెలలో అక్కడ పెట్టె మునగడానికి నీళ్లుండవు మామా.

మామ: నేను పొద్దుటి నుంచి చెప్తా ఉండేది అదే.